షుగరువాళ్ల ద్రాక్ష

పీరు భాయ్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక్కడి నుంచి చెప్పబోయేది విన్నాక మీకు అతనిమీద కోపం వస్తుంది. నాకు ఇప్పటికీ వస్తుంది. నామీద నాకొచ్చే కోపం దానికి అదనం.

ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి ఉంది. దాని పేరెందుకులెండి, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ గేటుకి సరిగ్గా ఎదురుగా నా ఎస్టీడీ బూత్. నా పేరు మణికుమార్. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడిపోతే, పెద్దయ్యాక వికలాంగుల కోటాలో ఆ బూత్ ఇచ్చారు. తొంభైమూడులో నేను అద్దాల తలుపు బిగించుకునేసరికే గేటు పక్కన పీరు భాయ్ ద్రాక్షపళ్ల బండి ఉంది. పొద్దున ఎనిమిది నుంచి చీకటిపడేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. పెళ్లాల మొహాలు కూడా అంతసేపు చూడలేదని ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అతనిది వించిపేట. తండ్రి రైల్వే గూడ్స్ షెడ్డులో మూటలు మోశాడు. పీరు భాయ్ మాత్రం పదహారో ఏట నుంచీ పళ్ల బండే. తెల్లవారగానే కేదారేశ్వరపేట పళ్ల మార్కెట్టుకి వెళ్లి, పెట్టెలు విప్పించి, ప్రతి గుత్తినీ ఎత్తి వెలుతురులో చూసి మరీ తెచ్చేవాడు. గేటుకీ మురుగుకాలవకీ మధ్య అతని బండి పట్టేంత చోటే ఉండేది. ఇటు జరిపితే అంబులెన్సుకి అడ్డం, అటు జరిపితే కాలవలోకి. ఒక్క రోజు రాకపోతే ఆ చోటు ఇంకొకరిదైపోతుందని జ్వరమొచ్చినా వచ్చేవాడు.

మనవాళ్లు జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో వెళ్లరు కదా. రొట్టె ప్యాకెట్టో, బత్తాయిలో, ద్రాక్షో పట్టుకెళ్లాలి. ద్రాక్షకి ఒక సౌకర్యముంది. తొక్క తీయక్కర్లేదు, కొయ్యక్కర్లేదు, పడుకున్న మనిషి నోట్లో పెట్టొచ్చు. చూడటానికి వచ్చినవాళ్లు మాటల్లో పడి సగం తామే తినేయొచ్చు కూడా. అందుకే ఆ గేటు దగ్గర ద్రాక్షకున్న మర్యాద యాపిల్‌కి కూడా లేదు.

పీరు భాయ్ తూకం వేసే ముందు జబ్బేమిటో అడిగేవాడు. అదీ అతని పద్ధతి. “ఎవరికమ్మా? అత్తగారికా? ఏమైంది? ఆపరేషనయి నాలుగు రోజులా, విరేచనం సాఫీగా అవట్లేదా? అయితే ఈ నల్లవి పట్టుకెళ్లండి. తొక్క ఉమ్మెయ్యొద్దని చెప్పండి, మేలంతా తొక్కలోనే ఉంటది. ఉప్పునీళ్లలో పావుగంట నానబెట్టి, రెండుసార్లు కడిగి పెట్టండి.” జ్వరం తగ్గి నోరు చేదెక్కినవాళ్లకి ఆకుపచ్చవి, నీరసంతో ఉన్నవాళ్లకి బాగా పండినవి, పళ్లు ఊడిన ముసలివాళ్లకి గింజలేనివి. పైన డాక్టరుగారు ఇంగ్లీషులో రాసింది అర్థంకానివాళ్లకి కింద ఈయన చెప్పేది అర్థమయ్యేది. దాంతో సగం ధైర్యం వచ్చేది.

తొంభైఆరులో ఒక ఆదివారం పేపర్లో ద్రాక్షపళ్ల మీద ఒక వ్యాసం పడింది. గుండెకి మంచిదనీ, మలబద్ధకానికి పనిచేస్తుందనీ, నీరసం వచ్చినవాళ్లకి త్వరగా శక్తినిస్తుందనీ, తొక్కలోనూ గింజలోనూ ఒంటిని కాపాడే పదార్థాలున్నాయనీ రాశారు. పీరు భాయ్‌కి ఉర్దూ కూడబలుక్కుని చదవటం వచ్చు, తెలుగు రాదు. దాన్ని బోర్డు రాసివ్వమని నా వెంటపడ్డాడు. ఒక రేకు తెచ్చి, ఎర్రరంగు తెచ్చి, బూత్ ముందు కూర్చోబెట్టి రాయించాడు. నా దస్తూరీ బాగుంటుందని నాకు కాస్త గర్వం. అక్షరాలు పెద్దవిగా రాసేసరికి చివరి వాక్యానికి చోటు మిగల్లేదు. షుగరు జబ్బున్నవాళ్లు డాక్టరుని అడిగి, కొలత ప్రకారమే తినాలన్నది ఆ వాక్యం. ఒక్క వాక్యం లేకపోతే ఏమైందిలే అనుకుని, కింద పీరు ఫ్రూట్స్ అని రాసి ముగించాను. అతనికి చదివి వినిపించినప్పుడు కూడా రేకు మీదున్నంతవరకే చదివాను. ఆ మాటలన్నీ అతను రెండు రోజుల్లో కంఠస్థం చేసేశాడు.

ఇక అసలు సంగతి. తొంభైఎనిమిది ఫిబ్రవరిలో హైదరాబాదు వైపు నుంచి వచ్చిన సరుకు పులుపు. పీరు భాయ్ ఎప్పుడూ మోసపోనివాడు ఆ రోజు మోసపోయాడు. పైన రెండు వరసలు తియ్యగా ఉండి, అడుగునంతా నోట్లో పెడితే కన్ను మూతపడేంత పులుపు. సాయంత్రానికి కూడా అమ్ముడవలేదు. అప్పుడొక బ్యాంకు గుమాస్తా వచ్చి, “మా నాన్నగారికి షుగరండీ, తీపి పెట్టకూడదు,” అన్నాడు. పీరు భాయ్ ఒక్క క్షణం ఆలోచించి, “అయితే ఇవి పట్టుకెళ్లండి. పులుపు తప్ప షుగరనేది ఉండదు వీటిలో,” అన్నాడు. గుమాస్తా ఒకటి నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, నమ్మి పట్టుకెళ్లాడు.

ఆ మర్నాటి నుంచి బండి మీద రెండు కుప్పలు. ఒకటి మామూలుది. రెండోది తడి గోనెపట్టా మీద విడిగా పెట్టిన పుల్లటి పచ్చికాయలది, దాని పేరు షుగరువాళ్ల ద్రాక్ష. అబద్ధమని తెలిసి చెప్పాడా అంటే మొదటి రోజు తెలిసే చెప్పాడు. వారం తిరిగేసరికి తనే నమ్మేశాడు. తీపి లేదు కాబట్టి చక్కెర లేదు, ఇందులో అర్థంకానిదేముంది అనేవాడు. నాకూ సబబుగానే తోచింది. పక్క బండి పుల్లయ్య కూడా చూసి రెండు కుప్పలు పెట్టాడు.

మార్చి మొదట్లో కొల్లేరు లంక నుంచి పెద్దబ్బాయనే అతన్ని తీసుకొచ్చారు. సరస్సులో చేపలు పట్టే మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. వలలోంచి జెల్ల చేపను విడదీస్తుంటే జారి పాదం మీద పడి, ముల్లు దిగింది. ముల్లు లాగేసి పసుపు అద్దుకుని మళ్లీ నీళ్లలో దిగాడు. షుగరుందని అప్పటిదాకా తెలియదు. పాదం వాచి నల్లబడ్డాక ఇక్కడికి తెచ్చారు. వచ్చిన రోజే రెండు వేళ్లు తీసేశారు. పది రోజుల్లో షుగరు దారికొచ్చి పుండు ఆరితే పాదం నిలుస్తుందనీ, లేకపోతే మోకాలి కింద దాకా తీసేయాలనీ డాక్టరుగారు చెప్పారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, అతని భార్య గంగారత్నం రోజూ నా బూత్ నుంచే ఊళ్లో మరిదికి ఫోన్ చేసేది. ఫోన్‌లో మాట్లాడేవాళ్లు దూరాన్ని బట్టి గొంతు పెంచుతారు. అద్దాల తలుపు దాన్ని ఆపదు. “కాలు పోతే ఇంక పడవెట్టా తోస్తాడయ్యా. బురదలో ఒంటికాలితో దిగుతాడా? నువ్వు ముడుపు కట్టు, నేనిక్కడ చూసుకుంటా,” అని చెప్పేది. కాలు పోతే ఏమవుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నేను బిల్లు మిషను వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

రెండో రోజే ఆవిడ పీరు భాయ్ బండి దగ్గర ఆగింది. అతను అలవాటు ప్రకారం జబ్బు అడిగాడు. విన్నాక షుగరు కుప్పలోంచి మంచి గుత్తి ఏరి ఇచ్చాడు. “రక్తం పట్టాలమ్మా, రక్తం పడితేనే పుండు మానేది. పొద్దున అరకిలో, సాయంత్రం అరకిలో. రసం తీసి పట్టినా సరే.”

ఆవిడ పులుపు చూసి, బోర్డు వైపు చూసి, “నేనూ అమ్ముకునేదాన్నే సాయిబుగారూ. నాకు చదువు రాదు. చేపకి మొప్ప ఎత్తి చూపించి అమ్ముతా. తినే వస్తువు మీద అబద్ధమాడితే చెయ్యి పడిపోద్ది. మీ మాట మీద తీసుకుపోతన్నా,” అంది.

“నిశ్చింతగా పెట్టమ్మా,” అన్నాడు పీరు భాయ్. అంత నమ్మకంగా అడిగేవాళ్లంటే అతనికి ప్రాణం.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఆవిడ రావటం, అతను గుత్తి ఏరి పెట్టటం. డాక్టరుగారు ఏం పెడుతున్నారని అడిగితే ఆవిడ ఉన్నదే చెప్పేది. అన్నం లేదండీ, జొన్నరొట్టేనండీ, అరటిపండు లేదండీ, స్వీట్లు లేవండీ. ద్రాక్ష సంగతి దాచలేదు, చెప్పాలని తోచలేదంతే. షుగరువాళ్లవే కదా పెడుతోంది. పొద్దునే రౌండు రాకముందు ఒకసారి, రాత్రి పళ్లేలు తీసేశాక ఒకసారి, కొడుకుకి పెట్టినట్టు ఒక్కొక్క పండే నోట్లో పెట్టేదట.

ఆరో రోజు మధ్యాహ్నం వార్డు సిస్టరు తెరేసమ్మ గుణదలలో వాళ్లింటికి ఫోన్ చెయ్యటానికి నా బూత్‌కొచ్చింది. లైను దొరక్క బయట నిలబడి పీరు భాయ్‌తో కబుర్లు మొదలెట్టింది. “మా వార్డులో కొల్లేరాయన ఒకడున్నాడు. ఇన్సులిన్ పెంచుతున్నారు, పెంచుతున్నారు, షుగరు మూడొందలకి దిగట్లేదు. ఏం తింటున్నాడో అంతుపట్టట్లేదు,” అంది. అంటూ గోనెపట్టా మీది కుప్ప చూపించి, “ఇవేంటి విడిగా పెట్టావు?” అంది.

“అవి షుగరువాళ్లవి సిస్టరమ్మా,” అన్నాడు పీరు భాయ్, కాస్త గొప్పగానే.

తెరేసమ్మ నవ్వింది. “పులుపు నీ నాలిక్కయ్యా, రక్తానిక్కాదు. పచ్చిదైనా పండిందైనా ద్రాక్షలో చక్కెరుంటది. షుగరున్నవాడు ఓ పది పళ్లు డాక్టరు నడిగి తింటే అది వేరు. కిలోలకి కిలోలు తింటే ఇక ఇన్సులిన్ ఏం చేస్తుంది. ఎవరికీ అలా చెప్పి అమ్మకు, పాపం మూటగట్టుకుంటావు.” ఇంతలో లైను దొరికింది. ఆవిడ మాట్లాడి, డ్యూటీ టైమైందని వెళ్లిపోయింది. అతను వేళాకోళానికి అన్నాడనుకుందో ఏమో, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పీరు భాయ్ తడి గోనె రెండో కొస తీసి ఆ కుప్ప మీద కప్పాడు. తర్వాత రోడ్డు దాటి నా దగ్గరికొచ్చాడు. “మణి బాబూ, పేపర్లో షుగరు గురించి ఏం రాయలేదు కదా?” అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. రాశారనీ, రేకు మీద చోటు చాల్లేదనీ చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టూలు మీద కూర్చుని, “అయిదు రోజులు. రోజుకి కిలో,” అన్నాడు.

“ఇప్పుడే పైకెళ్లి చెప్పు భాయ్,” అన్నాను.

“చెప్తా. ఒక్క రోజు ఆగు. నా నోటితో నేనే చెప్తా, నువ్వు చెప్పబాక.” అతని భయాలు నాకు తెలుసు. లంక నుంచి వచ్చిన మగాళ్లు ఎప్పుడూ ఆరేడుగురు గేటు బయట చెట్టు నీడన కూర్చునుంటారు. తెలిస్తే బండి కాలవలో పడేస్తారు, ఇతన్ని కూడా. ఆసుపత్రివాళ్లు ఇక గేటు దగ్గర నిలబడనివ్వరు. అయితే అతను పైకి చెప్పింది ఇంకొకటి. “ఆ తల్లి తన చేత్తోనే పెట్టింది బాబూ. ఆ సంగతి తెలిస్తే ఎట్టా బతుకుద్ది?” అది సాకే. నిజం కూడా. సాకు నిజం కూడా అయినప్పుడు మనిషి దాన్లోంచి బయటికి రాలేడు.

మరి నువ్వెందుకు చెప్పలేదని మీరడగొచ్చు. రేకు మీద దస్తూరీ నాది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

మర్నాడు పొద్దున గంగారత్నం వస్తే, “ఇవాళ షుగరు సరుకు రాలేదమ్మా,” అన్నాడు. అక్కడితో గండం గట్టెక్కిందనుకున్నాడు పిచ్చివాడు. ఆవిడ నాలుగడుగులు వేసి పుల్లయ్య బండి దగ్గరికెళ్లి, “షుగరువాళ్లవి ఉన్నాయా? పుండు మానటానికి. రక్తం పట్టాలి,” అంది. పీరు భాయ్ చెప్పిన మాటలు, చెప్పిన వరసలోనే చెప్పింది. పుల్లయ్య అరకిలో తూచాడు. సాయంత్రం ఇంకో అరకిలో. ఆవిడ వెళ్లాక పీరు భాయ్ పుల్లయ్య దగ్గరికెళ్లి వద్దని బతిమాలాడు. పుల్లయ్య నవ్వి, “నువ్వు నేర్పిన విద్యేగా భాయ్. నువ్వమ్మితే మందు, నేనమ్మితే విషమా?” అన్నాడు.

ఎనిమిదో రోజు నేను కోప్పడ్డాను. ఇవాళ నువ్వు చెప్పకపోతే సాయంత్రం నేను చెబుతానన్నాను. ఆవిడ పొద్దునే వచ్చింది, కళ్లు వాచి ఉన్నాయి. పీరు భాయ్ బండి చుట్టూ తిరిగి ఆవిడ ముందుకొచ్చి, చేతులు నలుపుకుంటూ, “అమ్మా, ఇక ద్రాక్ష వద్దమ్మా. పెట్టబాక,” అన్నాడు.

“ఏం?”

“వద్దులే అమ్మా. ఇంకేం పెట్టబాక.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. మాటకంటే ముందు మొహం చూసే మనిషి ఆవిడ. “డాక్టరుగారు కిందికొచ్చినప్పుడు నీతో ఏమన్నా చెప్పారా సాయిబుగారూ?” అంది. “ఇంక పెట్టి లాభం లేదన్నారా? కాలు కాదు, మనిషే దక్కడన్నారా?” అంటూ అక్కడే, మురుగుకాలవ అంచున కూలబడి ఏడవటం మొదలెట్టింది. బిగపట్టుకుని ఉన్నదంతా ఒక్కసారి వచ్చేసింది. చెట్టుకింది మగాళ్లు లేచారు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచాడు. ఆటోవాళ్లు ఆగారు.

పీరు భాయ్ ఏం చేశాడో నేను అద్దంలోంచి చూశాను. గోనెపట్టా ఎత్తాడు. గబగబా ఒక పెద్ద గుత్తి పేపరులో చుట్టి, వంగి, ఆవిడ చేతుల్లో పెట్టాడు. “లేదమ్మా, లేదు. ఎవరూ ఏం చెప్పలేదు. సరుకు పాతది, అందుకని వద్దన్నా. ఇవి బాగున్నాయి. తీసుకెళ్లు. ఏడవబాక, నీకు పుణ్యముంటది,” అన్నాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, పొట్లం గుండెలకి ఆనించుకుని లోపలికి వెళ్లింది. మగాళ్లు కూర్చున్నారు. పీరు భాయ్ నా వైపు చూడలేదు. సాయంత్రం నేను చెబుతానన్నవాణ్ణి, నేనూ చెప్పలేదు. ఆవిడ మళ్లీ కిందికొచ్చినప్పుడు బిల్లు మిషను వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ మర్నాడు పీరు భాయ్ బండి దగ్గర నిలబడ్డాడు గానీ ఎవరికీ ఏమీ అమ్మలేదు. జబ్బేమిటని అడగలేదు. గంగారత్నం పుల్లయ్య దగ్గర కొనుక్కెళ్లింది. మధ్యాహ్నం అతని భార్య మెహబూబ్ బీ కారేజీ తెచ్చింది. రెండు రోజులుగా ఈయన ముద్ద ముట్టట్లేదని నాకు చెప్పుకుంది. ఏం జరిగిందని అడిగింది. అతను చెప్పాడు. మొదటిసారి ఆ సంగతి నోరు తెరిచి ఇంకో మనిషికి చెప్పాడు. ఆవిడ కారేజీ గిన్నెలు మళ్లీ సర్దుకుంటూ, “ఆ మనిషి మీద పెళ్లానికంటే నీకెక్కువ ప్రేమా ఏమిటి? ఆవిడ ఏడిస్తే ఏడుస్తుంది. ఆ కాలు నీదా, ఆవిడ మొగుడిది. చెప్పేసి రా,” అంది. ఆ మాట తిన్నగా తగిలింది.

పదో రోజు పొద్దున, డాక్టరుగారి రౌండుకి ముందు, పీరు భాయ్ ఆ గేటు లోపలికి వెళ్లాడు. అక్కడ బండి పెట్టిన పన్నెండేళ్లలో మొదటిసారి. పైన ఏం జరిగిందో తర్వాత తెరేసమ్మ చెప్పింది. వార్డు గుమ్మంలో చెప్పులు విడిచి, మసీదులోకి వెళ్లినట్టు తల మీద రుమాలు వేసుకుని వెళ్లి, మంచం పక్కన నిలబడ్డాడట. డాక్టరుగారి ముందు, తెరేసమ్మ ముందు, ఆ మొగుడూ పెళ్లాల ముందు మొత్తం చెప్పాడట. పులుపు సరుకు అమ్ముడవక మొదలెట్టిన మాట అన్నాడట. తెలిశాక కూడా నాలుగు రోజులు దాచానన్నాడట. రేకు సంగతి, నా సంగతి చెప్పలేదు.

మంచం మీద పెద్దబ్బాయి భార్య వైపు తిరిగి, “నాకవి మొదట్నుంచీ గిట్టలేదే. పులుపు. పళ్లు జివ్వుమనేయి. నువ్వు ఆశగా పెడతన్నావని తిన్నా,” అన్నాడట. గంగారత్నం మంచం కింద ఉన్న పొట్లం తీసి, పేపరుతో సహా చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుందట.

ద్రాక్ష ఆపిన మూడో రోజుకి షుగరు నూటతొంభైకి దిగింది. పుండు మాత్రం ఆగలేదు. నలుపు మడమ దాటింది. ఆ శుక్రవారం మోకాలి కింద కాలు తీసేశారు.

లంక మగాళ్లు వస్తారని పీరు భాయ్ ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. గంగారత్నం వాళ్లకి చెప్పలేదని తర్వాత తెలిసింది. డిశ్చార్జి రోజు ఆటో గేటు దాటుతుంటే అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ అటువైపు చూడలేదు.

ఆ రేకు అదే రోజు పీకేశాను. కొత్తది రాశాను, ఈసారి షుగరు వాక్యం అన్నిటికంటే పైన. పీరు భాయ్ మళ్లీ జబ్బులు అడగటం మొదలెట్టాడు. షుగరన్నవాళ్లకి అమ్మేవాడు కాదు. “పైన డాక్టరుగారి నడిగి రండి, ఎన్ని పళ్లు తినొచ్చన్నారో చెప్పండి, లెక్కపెట్టి ఇస్తా,” అనేవాడు. సగంమంది విసుక్కుని పుల్లయ్య దగ్గరికెళ్లేవాళ్లు. వాళ్ల వెంట నాలుగడుగులు నడిచి మరీ చెప్పేవాడు. గుండెకి మంచిదే, కడుపుకి మంచిదే, నీరసానికి మంచిదే, మీవాళ్లకి మాత్రం కొలతమ్మా అని.

అదొక్కటే అయితే బాగానే ఉండేది. అతన్ని పట్టుకున్నది ఇంకోటి. గేటులోంచి వచ్చే ప్రతి కొత్త డాక్టరునీ ఆపి, “ద్రాక్ష పెట్టకపోతే ఆ కాలు నిలిచేదా సార్?” అని అడిగేవాడు. ఒకాయన నిలవదన్నాడు, ముల్లు దిగిన రోజే ఆలస్యమైందన్నాడు. ఒకాయన నిలిచేదేమో అన్నాడు. ఒకాయన ఎవరూ చెప్పలేరన్నాడు. ప్రతి జవాబూ వచ్చి నాకు చెప్పేవాడు. వేరే చోటికి బండి మార్చు, బస్టాండు దగ్గర ఇంకా బాగా అమ్ముడవుతాయని మెహబూబ్ బీ ఎన్నిసార్లు పోరిందో. నా చేత కూడా చెప్పించింది. “ఆ తల్లి ఎప్పుడన్నా వస్తే? నేను లేకపోతే పారిపోయాననుకోదూ?” అనేవాడు. తిట్టించుకోవటం కోసం ఒక మనిషి ఆరేళ్లు ఒకే చోట నిలబడటం నేనెక్కడా చూడలేదు.

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో ఆవిడ వచ్చింది. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చి నా బూత్ చచ్చిపోయింది. రీచార్జి కార్డులు అమ్ముకుంటున్నాను. ఆటోలోంచి పెద్దబ్బాయి దిగాడు, పెట్టుడు కాలు, చంకలో కర్ర. పట్టీలు ఒరుసుకుపోయి చూపించుకోవటానికి వచ్చారట. చేపల పని లేదనీ, చిన్న కిరాణా బడ్డీ పెట్టుకున్నాడనీ వెంట వచ్చిన మరిది వాచ్‌మన్‌తో చెబుతుంటే విన్నాను. మొగుణ్ణి లోపలికి పంపించి గంగారత్నం బండి దగ్గరికి వచ్చింది. జుట్టు నెరిసింది. పీరు భాయ్ తూకంరాయి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను కర్ర అందుకుని బయటికి వచ్చాను, ఆవిడ ఏమన్నా నా వాటా కూడా అందులో ఉందని.

“నువ్వు తెలియక చెప్పావు, నేను తెలియక పెట్టాను. దానికేం అనను,” అంది. “ఒక్కటడుగుతా. ఆరేళ్లూ మనసులో పెట్టుకున్నా. తెలిశాక, వద్దన్నాక, నేనేడిస్తే మళ్లీ నా చేతిలో ఎందుకు పెట్టావు సాయిబుగారూ?”

పీరు భాయ్ పెదాలు కదిలాయి. “నీ ఏడుపు చూళ్లేకపోయానమ్మా.”

ఆవిడ తలూపింది. “నన్ను ఏడవనియ్యాల్సింది,” అంది. “ఏడ్చేసి లేచేదాన్ని. రెండు రోజులు మిగిలేయి మాకు.”

ఆసుపత్రి మెట్లెక్కి వెళ్లిపోయింది. పీరు భాయ్ తూకంరాయి కింద పెట్టాడు. కాసేపటికి నన్ను అడిగాడు, “తిట్టిందా మణి బాబూ, మాఫ్ చేసిందా?”

“ఉన్నమాట చెప్పింది భాయ్,” అన్నాను.